షోకాజ్ నోటీసు తీసుకోకపోతే చెల్లదా? క్యాంపస్ రాజకీయాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: నోటీసు ముట్టుకోకపోతే యూనివర్సిటీ ఏమీ చేయలేదు

ధర్నా జరిగిన వారానికల్లా షోకాజ్ నోటీసు (మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమనే కాగితం) వస్తుంది, దాంతోపాటే ప్రతి హాస్టల్లోనూ ఇదే సలహా తిరుగుతుంది: "సంతకం పెట్టావో, ఒప్పుకున్నట్టే!" ఈ ఒక్క మాట నమ్మి నష్టపోయినంతగా విద్యార్థులు ఇంక దేనివల్లా నష్టపోరు.

సంతకం కాగితం అందిందనడానికే తప్ప తప్పు ఒప్పుకున్నట్టు కాదు. మీరు తీసుకోకపోతే గది తలుపుకు అంటించి ఫొటో తీసుకుంటారు, మెయిల్ పంపుతారు, ఇంటికి రిజిస్టర్డ్ పోస్టు వేస్తారు. ఊళ్లో ఆ కవరు మీ నాన్న చేతికే వస్తుంది. గడువు దాటితే విచారణ కమిటీ ఎక్స్‌పార్టీగా (మీ వాదన వినకుండానే) తేల్చేస్తుంది. తర్వాత రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టుకు వెళ్లినా, ఇచ్చిన అవకాశం ఎందుకు వాడుకోలేదన్న ప్రశ్నే ముందు ఎదురవుతుంది.

కాబట్టి తీసుకోండి. సంతకం పక్కన తేదీ, సమయం వేయండి. ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ, మీరు ఏం చేశారన్నది నోటీసులో ఉందా చూడండి. "క్రమశిక్షణకు భంగకరంగా ప్రవర్తించారు" అని ఊరుకుంటే దానికి ఎవరూ జవాబివ్వలేరు. వివరాలు, వీడియో, సెక్యూరిటీ రిపోర్టు కాపీలు రాతపూర్వకంగా అడగండి. అవి వచ్చేదాకా ఆగొద్దు. గడువులోపే "ఆరోపణలు అంగీకరించడం లేదు, పత్రాలు అందాక పూర్తి వివరణ ఇస్తాను" అని తాత్కాలిక జవాబు పెట్టేయండి. రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబరు (ఆఫీసు రిజిస్టర్‌లో నమోదైన సంఖ్య), తేదీ, ముద్ర వేయించుకోండి. క్రమశిక్షణ చూసే ప్రాక్టర్ సార్‌కి వాట్సాప్ పెట్టాం కదా అంటే కుదరదు.

మరో పొరపాటు: పన్నెండు మందీ ఒకే జవాబు జిరాక్స్ తీసి ఇవ్వడం. అందులో "మేమంతా శాంతియుతంగా కూర్చున్నాం" అని ఉంటుంది. ఆ సాయంత్రం లైబ్రరీలో ఉన్నవాడు కూడా ధర్నాలో ఉన్నానని రాసిచ్చినట్టే. ఎవరి జవాబు వాళ్లే రాసుకోవాలి.

చిన్న హెచ్చరికే కదా అని వదిలేయకండి. విద్యార్థి ఎన్నికలపై మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో కమిటీ సూచించిన నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్యకు గురైనవాళ్లు విద్యార్థి సంఘం ఎన్నికల్లో పోటీ చేయలేరు.

అపోహ: లింగ్డో కమిటీ క్యాంపస్‌లో రాజకీయాలు నిషేధించింది

లేదు. సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న అమలు చేయమన్నది ఎన్నికల నియమాలను. ఒక్కో అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు మించకూడదు, పార్టీ డబ్బు వాడకూడదు, అచ్చు పోస్టర్లు వేయకూడదు, హాజరు కనీసం 75 శాతం ఉండాలి, నామినేషన్ నుంచి ఫలితం దాకా 10 రోజుల్లో ముగియాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి. ఉస్మానియాలో ఆగిపోయింది లింగ్డో రాకముందే. ఆ పాపం ఆయనకు అంటగట్టొద్దు.

అపోహ: వీసీ అనుమతి లేకుండా పోలీసులు గేటు దాటలేరు

ఇది ఆనవాయితీ మాత్రమే, చట్టం కాదు. కాగ్నిజబుల్ నేరం (వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం) జరిగితే ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అలాగే "రిజిస్ట్రార్ 144 పెట్టారు" అన్నదీ తప్పే. 144 అంటే జనం గుమికూడకుండా ఆపే పాత సీఆర్పీసీ సెక్షన్, ఇప్పుడది కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 163. ఆ ఉత్తర్వు మేజిస్ట్రేట్ అధికారాలున్నవాళ్లే ఇవ్వాలి. రిజిస్ట్రార్ ఇచ్చేది సర్క్యులర్. అది మీరితే వచ్చేది నోటీసు, క్రిమినల్ కేసు కాదు.

అపోహ: ఎఫ్‌ఐఆర్ అయిందంటే పాస్‌పోర్టు, ఉద్యోగం పోయినట్టే

భయం అర్థం చేసుకోదగ్గదే, కానీ పాస్‌పోర్టు చట్టం 6(2)(ఎఫ్) మాట్లాడేది క్రిమినల్ కోర్టులో పెండింగ్‌లో ఉన్న కేసు గురించి. అలాంటప్పుడు కూడా కోర్టు అనుమతి తెచ్చుకుంటే 1993 నోటిఫికేషన్ కింద పాస్‌పోర్టు వస్తుంది.

ఉద్యోగం విషయంలో అసలు ముప్పు కేసు దాచడంతోనే. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి స్వల్ప కేసులను దాచినా యాజమాన్యం తన విచక్షణతో మన్నించవచ్చని చెప్పింది. మన్నించవచ్చు అంది, మన్నించాలి అనలేదు. కాబట్టి ఉద్యోగంలో చేరేముందు నింపే అటెస్టేషన్ ఫారంలో అరెస్టు, కేసుల కాలమ్ దగ్గర "లేదు" అని టిక్ పెట్టే ముందు ప్రశ్న చివరిదాకా చదవండి. "ఎప్పుడైనా" అని ఉంటే లోక్ అదాలత్‌లో రాజీపడిన కేసు కూడా రాయాల్సిందే: ఎఫ్‌ఐఆర్ నంబరు, స్టేషన్, సెక్షన్లు, ఇప్పుడు ఏ దశలో ఉంది. కేసు ముగిసిన రోజునే ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోండి. ఐదేళ్ల తర్వాత వెరిఫికేషన్‌కు కానిస్టేబుల్ వచ్చినప్పుడు అడిగేది ఆ కాగితమే.