ఫైలు తెరిచే కిటికీ గురించి

కడప

పాపకూ, చిన్నోడికీ,

ఎండాకాలం సెలవుల్లో నేను కంప్యూటర్ ముందు విసుక్కుంటుంటే మీరిద్దరూ నవ్వినారు గదా. ఆ రోజు సంగతి ఇది. పింఛను కాగితం ఒకటి అప్‌లోడ్ చేయాల. ‘ఓపెన్’ నొక్కితే చిన్న కిటికీ వచ్చింది. పింఛను ఫోల్డర్ ఎదురుగానే ఉంది. ‘పి’ కొడితే దాని మీదికి దూకుతుందనుకున్నా. దూకలేదు. లోపలి ఫోల్డర్లన్నీ గాలించి, పెళ్లి ఫొటోలు, పాటలు, మీ ప్రోగ్రెస్ రిపోర్టులు కుప్ప పోసింది!

మీ నాయన ఆ పాత మిషన్‌లో విండోస్ బదులు లినక్స్ వేసిచ్చినాడు. అందులో ఈ కిటికీని తయారుచేసేది జీటీకే అనే సాఫ్ట్‌వేర్. దాని రెండో తరంలో అక్షరం కొడితే ఆ వరుసలోనే దూకేది. మూడో తరంలో వెతకడం మొదలుపెడుతుంది. విండోస్‌లో ఇప్పటికీ అక్షరం కొడితే దూకుతుంది, వెతికే పెట్టె పైన వేరుగా ఉంటుంది. నాకైతే అదే నయం.

నేను రికార్డు రూములో పనిచేసేటప్పుడు రెండు రకాల మనుషులు వచ్చేవాళ్లు. ఒకాయన ఊరి పేరు, ఫసలీ (అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం), సర్వే నంబరు గడగడా చెప్పేవాడు. నేరుగా ఆ బీరువా దగ్గరికి పోయి కట్ట తీసిస్తే సరి. ఇంకొకాయన ‘మా అబ్బ పేరు మీద ఏదో కాగితం ఉండాల సార్’ అనేవాడు. ఆయన కోసమైతే కట్టలన్నీ విప్పాల్సిందే. మొదటాయన్ని నిలబెట్టి కట్టలన్నీ విప్పితే ఊరుకుంటాడా? ఆ కిటికీ నన్ను చేసింది అదే.

దోవ తెలిసినవాళ్లకు అడ్డదోవ లేకపోలేదు. జీటీకేలో కంట్రోల్, ఎల్ కలిపి నొక్కితే ఫైలు ఉన్న పూర్తి చిరునామా రాసే గడి వస్తుంది. స్లాష్ కొట్టినా వస్తుంది. ఇది ఉందని తెరమీద ఎక్కడా రాసి ఉండదు, అదే నా కోపం.

వెతుకులాటలోనూ తిరకాసులున్నాయి. 2005లో మన ఊరి ఇంగ్లీషు స్పెల్లింగ్ మారింది. అంతకుముందు ‘సి’తో మొదలై ‘హెచ్’తో ముగిసేది, ఇప్పుడు ‘కె’తో మొదలవుతుంది. కొత్త స్పెల్లింగ్‌తో వెతికితే పాత పేరుతో దాచినవి దొరకవు. తెలుగులోనూ అంతే. ‘ఫోల్డర్‌లో’ అని రాస్తే ‘ర్’ పక్కన కంటికి కనపడని గుర్తు ఒకటి కూర్చుంటుంది. అది లేకుండా రాస్తే అక్షరం ఆకారమే మారిపోతుంది. వెతికే ప్రోగ్రాము దాన్ని లెక్కలోకి తీసుకోకుండా రాయాల, లేకుంటే పేరు కళ్లముందున్నా ‘లేదు’ అంటుంది.

ఇంకొకటి, దొరికిన ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో పక్కనే చూపించాల. నా దగ్గర ‘స్కాన్ 001’ పేరుతోనే నాలుగున్నాయి, ఏది ఎక్కడిదో నాకెట్ల తెలుస్తుంది? ఫొటోలను పేర్లతో గాక చిన్న బొమ్మలుగా చూపించమని ఎవరో జీటీకే వాళ్లను 2004లో అడిగితే, అది 2023లో వచ్చింది. మన ఆఫీసుల్లో ఫైళ్లే నయమనిపించింది.

పెద్దయ్యాక మీరిట్లాంటివి తయారుచేస్తే, ‘పి’ కొట్టినప్పుడు ముందు కళ్లెదుట ఉన్న ఫోల్డర్‌లో చూడండి. అక్కడ లేకపోతే ‘లోపలి ఫోల్డర్లన్నీ వెతకమంటారా?’ అని అడగండి.

ఆ నాలుగు స్కాన్లకు వేరే వేరే పేర్లు పెట్టమని మీ జేజి రోజూ పోరుతోంది. దసరాకు మీరొచ్చి పెట్టాల, నాకు ఓపిక లేదు.

మీ అబ్బ