“అడిగితే మనమే గుర్తుచేసినట్టవుతుంది”: మాజీ సైనికుల మధ్య అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో సైనిక్‌పురి, యాప్రాల్, బొల్లారం, తిరుమలగిరి వైపు రిటైరైన ఫౌజీలతో పనిచేసేవాళ్లకు, ఆత్మహత్య ఆలోచన గురించి ‘అడిగితే మనమే గుర్తుచేసినట్టవుతుంది’ అన్న ఈ మాట విని విని చెవులు దిబ్బళ్లు పడ్డాయి. యూనిట్ వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే పలకరించే మనిషి పది రోజులుగా ఉలకడు, పలకడు. ఫోన్ చేస్తే “ఠీక్ హూఁ” అని పెట్టేస్తాడు. గొంతులో తేడా బడ్డీకి, అంటే యూనిట్‌లో తోడుగా పనిచేసిన నేస్తానికి, తెలుస్తూనే ఉంటుంది. అయినా అడగడు. చావు మాట ఎత్తితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయం.

ఆ భయం అర్థమవుతుంది, కానీ అది తప్పు. అడగడం వల్ల ఆత్మహత్య ఆలోచన పుట్టదు, ఉన్నది పెరగదు. పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలిన విషయం ఇది. అడగకపోవడమే ప్రాణాల మీదికి తెస్తోంది.

అడిగే తీరు మాత్రం నేర్చుకోవాలి. “పిచ్చి పనులేం చేయవు కదా?” అనేది ప్రశ్నే కాదు, ‘చేయను’ అని చెప్పించుకోవడం. “అన్నా, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?” అని సూటిగా అడగండి. అడిగాక ఆగండి. జవాబుకు అర నిమిషం పట్టినా మధ్యలో సలహాలు పోయకండి. ఇంట్లోవాళ్ల ముందు అడగొద్దు. సుబేదార్ సాబ్‌ను ఆయన కింద పనిచేసిన కుర్రాళ్ల ముందు అసలే అడగొద్దు. పక్కపక్కన నడుస్తున్నప్పుడు వచ్చే మాట, ఎదురుగా కూర్చోబెడితే రాదు.

‘అవును’ అంటే ఇంకో మూడు: ఎలా అని అనుకున్నారా, అది చేతికందేలా ఉందా, ఎప్పుడని అనుకున్నారా? మూడింటికీ జవాబు సిద్ధంగా ఉంటే ఆ రాత్రి ఆయన్ని ఒంటరిగా వదలకూడదు, వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

చేతికందే వస్తువును దూరం చేయడమే తర్వాతి పని. బ్యాంకుల దగ్గర, క్యాష్ వ్యాన్లలో గన్‌మన్‌గా చేసే మాజీ సైనికులు మన నగరంలో చాలామంది. లైసెన్సు తుపాకీ ఇంట్లోనే ఉంటుంది. ఎన్నికలప్పుడు జమ చేసినట్టే దాన్ని పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న ఆయుధ డీలర్ దగ్గరో పెట్టించి రసీదు తీసుకోవాలి. సాయం చేస్తున్నాననుకుని బడ్డీ దాన్ని తన ఇంటికి తెచ్చుకుంటే, లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకున్న నేరం అతని మీద పడుతుంది. మాత్రలు భార్య దగ్గరో కొడుకు దగ్గరో ఉంచి, రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే ఇవ్వాలి. “అదే అనుకున్నవాడు ఇంకో దారి వెతుక్కోడా?” అంటారు. చాలామందిలో ఆ తీవ్రమైన ఘడియ నిమిషాల్లోనో గంటల్లోనో దాటిపోతుంది. ఆ కాస్త సేపు అందకుండా ఉంటే ప్రాణం నిలిచే అవకాశం బాగా పెరుగుతుంది.

పిల్లల మీద ఒట్టు వేయించుకోవద్దు. ఆలోచన మళ్లీ వస్తే, ఒట్టు తప్పానన్న సిగ్గుతో మీ దగ్గరే దాచేస్తాడు. దానికి బదులు ఒక కాగితం రాయించండి: నిద్రపట్టని రాత్రి మొదట ఎవరికి ఫోన్, వాళ్లు ఎత్తకపోతే ఎవరికి, ఆ తర్వాత 14416. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికొస్తే 108. అత్యవసరంలో ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) రిఫరల్ కోసం ఆగనక్కర్లేదు, దగ్గరున్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. అది ప్యానెల్లో లేనిదైతే 48 గంటల్లోగా ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కు తెలియజేయాలి. ఈ గడువు దాటితే బిల్లుల తిప్పలు రావచ్చు. మర్నాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి మీరే ఫోన్ చేయండి. “అవసరమైతే చెయ్యి” అంటే ఆయన చేయడు.

పెన్షన్ ఆగిపోతుందన్నది వట్టి పుకారు. రిటైరయ్యాక మానసిక చికిత్స తీసుకున్నంత మాత్రాన సర్వీస్ పెన్షన్‌లో రూపాయి తగ్గదు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. ‘ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పంపేస్తారు’ అన్నదీ అంతే. అక్కడ కూడా పొద్దున ఓపీలో చూపించుకుని మందులతో ఇంటికొచ్చేవాళ్లుంటారు. గాంధీ, ఉస్మానియాల్లోనూ సైకియాట్రీ విభాగాలున్నాయి. యుద్ధం చూసినవాళ్లకే ఈ బాధ అనడమూ సరికాదు. నలభై నిండకుండానే యూనిఫాం తీసేసి, పన్నెండు గంటల నైట్ గార్డు డ్యూటీలో చేరితే నిద్ర, గుర్తింపు, సోపతి మూడూ ఒకేసారి పోతాయి.

మద్యం సంగతి మాత్రం కాస్త నిలబడి చదవండి. “అయ్యప్ప మాల వేసుకుంటే తాగుడు తానే మానేస్తాడు” అని ప్రేమతోనే చెబుతారు. ఏళ్లుగా రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే, మద్యం అణచి ఉంచిన నరాలు పగ్గాలు తెగినట్టు ఉద్రేకపడతాయి. కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు. మొదటి 2 రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల లేనివి కనబడటం, తానెక్కడున్నాడో తెలియకపోవడం మొదలైతే అది దయ్యమూ కాదు, దీక్షలో లోపమూ కాదు, ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గతంలో ఒక్కసారి ఫిట్స్ వచ్చినా ఇంట్లో మాన్పించే ప్రయత్నం చేయొద్దు. మాల వేసుకునే రోజుకు రెండు వారాల ముందే డాక్టర్‌ను కలిస్తే మాత్రలతో, థయమిన్‌ (విటమిన్ బి1)తో జాగ్రత్తగా మాన్పిస్తారు.