రంగు కంటే ముందు తూకం: చెక్క ప్లగ్గు చేయబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఒడ్డున నిలబడి కెరటాల అవతలికి విసిరే చెక్క ఎరను సొంతంగా ఎలా చేయాలని అడిగారు. చేపలా కనిపించే బొమ్మ ఎవరైనా చేస్తారు. అది చేపలా ఈదాలంటే మాత్రం దాని లోపల బరువు ఎక్కడ ఉందో, ఎంత ఉందో చేసేవాళ్ళకు తెలియాలి. అందుకే ఈ ఉత్తరంలో రంగుల గురించి తక్కువ, బరువు గురించి ఎక్కువ రాస్తున్నాను.

అమెరికా తూర్పు తీరంలో ఈ ఎరల్ని ప్లగ్గులంటారు. అక్కడ ఒడ్డునుంచి గాలం వేసేవాళ్ళు ముఖ్యంగా కోరుకునే చేప స్ట్రైపర్, అంటే ఒంటిమీద నల్ల చారలుండే బాస్ అనే చేప. మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ కెనాల్ 1914లో తెరిచిన కాలువ. ఆటుపోట్లతో పాటు అందులో నీళ్ళు దిక్కు మార్చుకుంటూ జోరుగా పారతాయి. చేపలు చాలాసార్లు కాలువ నడిమధ్యన ఉంటాయి, కాబట్టి ఎర దూరం వెళ్ళాలి, ఆ ప్రవాహంలోనూ పైనే ఆడాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ కాలువ పక్కనే సగమోర్‌లో చెక్క ప్లగ్గులు చేసిన స్టాన్ గిబ్స్ పేరుతోనే పెన్సిల్ పాపర్ ప్రసిద్ధమైంది. ముక్కు సన్నగా, తోక లావుగా ఉండే ప్లగ్గు అది. మొదటిసారి చేసేవాళ్ళకు దానికంటే మంచిది లేదు. దీనికి మూతి రేకు (కొన్ని ఎరలకు ముక్కు కింద ఉండే పలక) లేదు, ఆకారం సులువు, తూకం తప్పితే ఎక్కడ తప్పిందో వెంటనే తెలిసిపోతుంది.

ముందు లెక్క చూద్దాం. మన ప్లగ్గు పొడవు 165 మిల్లీమీటర్లు. తోక కొస నుంచి 45 మి.మీ. దగ్గర అన్నిటికన్నా లావు, 28 మి.మీ. అక్కడినుంచి ముక్కు దాకా సన్నబడుతూ వచ్చి 15 మి.మీ. అవుతుంది. తోక కొస 14 మి.మీ. ఈ ఆకారం ఘనపరిమాణం సుమారు 61 ఘన సెంటీమీటర్లు. ఘన సెంటీమీటరు సముద్రపు నీరు 1.025 గ్రాములు తూగుతుంది. కాబట్టి ఈ చెక్క పూర్తిగా మునిగితే పక్కకు తోసేది 62 గ్రాములకు పైచిలుకు నీరు. కొక్కేలు, పైపూత కూడా ఇంకో ఐదారు గ్రాముల నీటిని తోస్తాయి. అన్నీ బిగించాక మొత్తం బరువు ఈ 68 గ్రాములకు ఎంత తక్కువుంటే ప్లగ్గు అంత పైకి తేలుతుంది.

ఇప్పుడు చెక్క. అలాస్కా ఎల్లో సెడార్ అయితే ఈ కొలతకు 30 గ్రాములు వస్తుంది. అట్లాంటిక్ వైట్ సెడార్ 23 గ్రాములే గానీ మెత్తన, పళ్ళ గాట్లు పడతాయి. మేపుల్ 43 గ్రాములు. రాతికి కొట్టుకున్నా పగలదు, కానీ సీసం పెట్టకముందే మునిగే అంచుకు వచ్చేస్తుంది, కాబట్టి మొదటి ప్లగ్గుకు వద్దు. ఎల్లో సెడార్ 30, ప్లగ్గు లోపల పొడవునా పోయే తీగ, స్వివెల్ (కొక్కెం మెలిపడకుండా తిరిగే లంకె), రింగులు, కొక్కేలు కలిపి 16, పైపూత 4, మొత్తం 50. దానికి తోక వైపు 10 గ్రాముల సీసం కలిపితే 60. రెండు ఔన్సులకు కాస్త పైన. విసరడానికి సరిపడా బరువూ ఉంది, తేలడానికి 8 గ్రాముల వెసులుబాటూ ఉంది.

ఆంధ్రలో ఉన్న పిల్లలు అలాస్కా చెక్క కోసం వెతుక్కోనక్కర్లేదు. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర తెల్లగా, సన్నని నారతో, లేత్ మీద చక్కగా నునుపు తేలుతుంది. ఒక ముక్కను తూచి, ఘనపరిమాణంతో భాగించి పై లెక్కలో వేసుకోండి. కొండపల్లి బొమ్మల పొణికి బాగా తేలిక, బాగా మెత్తన. విశాఖ తీరంలో పళ్ళున్న చేప కొరికితే నిలవదు. టేకులో నూనె ఉంటుంది. పైపూత పట్టాలంటే ముందు థిన్నర్ గుడ్డతో రెండుసార్లు తుడవాలి.

చెక్కను 32 మి.మీ. చదరంగా, 165 మి.మీ. పొడవుకు కోయించండి. నార ముక్కు నుంచి తోక దాకా తిన్నగా పోవాలి. ముడి ఉన్న ముక్కను పక్కన పెట్టేయండి, డ్రిల్ బిట్టు ముడి దగ్గర పక్కకు జారుతుంది. రంధ్రాలన్నీ చెక్క చదరంగా ఉన్నప్పుడే వేయాలి. గుండ్రంగా చేశాక అది బల్లమీద దొర్లుతుంది, అప్పుడు ఏ రంధ్రమూ నిలువుగా దిగదు. రెండు కొసల్లోనూ మూలనుంచి మూలకు గీతలు గీసి నడిమి బిందువు గుర్తు పెట్టండి. తీగ కోసం 3 మి.మీ. మందమున్న పొడుగాటి బిట్టుతో ఒక కొసనుంచి సగం, రెండో కొసనుంచి సగం వేయండి. ఒకేవైపు నుంచి వేస్తే బిట్టు వంగి పక్కనుంచి బయటికొస్తుంది. రెండు రంధ్రాలు మధ్యలో కొంచెం తప్పినా దిగులు లేదు. స్వివెల్ రంధ్రం సరిగ్గా అక్కడే వస్తుంది, ఆ తేడాను అదే మింగేస్తుంది.

ఆ స్వివెల్ రంధ్రం పొట్టవైపు నడిమధ్యన, 12 మి.మీ. బిట్టుతో 20 మి.మీ. లోతు. పొట్ట కొక్కెం వేలాడేది ఇక్కడే. సీసం రంధ్రం కూడా పొట్టవైపే, తోక నుంచి 45 మి.మీ. దగ్గర, అదే 12 మి.మీ. బిట్టుతో, 13 మి.మీ. లోతుకు మించకుండా. ఇంకొంచెం దిగితే తీగ రంధ్రంలోకి పడుతుంది, తర్వాత పోసే ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) అందులోకి కారి తీగ దూరదు. బిట్టు మధ్యలో పొడుగు ముల్లు ఉంటే అదీ లెక్కలోకి తీసుకోండి. ఈ రెండు రంధ్రాలూ ఒకే గీతమీద ఉండాలి. పెన్సిలుతో పొట్టమీద నిలువు గీత గీయకుండా డ్రిల్ ముట్టుకోవద్దు. ఒకటి అటు, ఒకటి ఇటు అయితే ప్లగ్గు జీవితాంతం ఒక పక్కకు ఒరిగే తేలుతుంది.

లేత్ మిషన్ పని పెద్దవాళ్ళ చేతుల్లోనే జరగాలి. మిషన్ లేకపోయినా ఫరవాలేదు. చదరం మూలలు చిత్రికతో తీసి ఎనిమిది పలకలు చేయండి, మళ్ళీ తీసి పదహారు చేయండి, ఆకురాయితో గుండ్రం చేసి 80, 120, 220 నంబరు ఉప్పు కాగితాలతో వరసగా రుద్దండి. ముక్కు కొస బల్లపరుపుగా ఉంచి అంచు మాత్రం మొద్దు చేయండి. దుమ్ముకు మాస్కు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి.

ఇక అసలు పరీక్ష. పది లీటర్ల నీళ్ళలో 350 గ్రాముల ఉప్పు కలిపితే సముద్రపు నీటికి సరిపోతుంది. బకెట్టు లోతుగా ఉండాలి. మంచినీళ్ళలో చూస్తే ప్లగ్గు సముద్రంలోకన్నా కిందికి దిగి, మీరు అనవసరంగా సీసం తగ్గిస్తారు. తీగ, స్వివెల్, కొక్కేలు తాత్కాలికంగా పెట్టి, సీసాన్ని రబ్బరు బ్యాండుతో రంధ్రం దగ్గర పొట్టకు కట్టండి. పచ్చి చెక్క నీళ్ళు పీలుస్తుంది, కాబట్టి ఒక్క నిమిషంలో చూసి తీసేయాలి. తోక కిందికి, ముక్కు పైకి నిలబడి మూడు సెంటీమీటర్లు అటూ ఇటూగా ముక్కు బయట ఉంటే సరి. ముక్కు కొస మాత్రమే కనిపిస్తే సీసం రెండు గ్రాములు తీయండి. ప్లగ్గు పడుకుని తేలితే సీసం చాలలేదు, లేదా ముందుకు ఉంది. అలా పడుకునే ప్లగ్గు గాలిలో పల్టీలు కొడుతుంది, విసిరిన దూరంలో చాలా భాగం అక్కడే పోతుంది. బరువు తోకలో ఉంటే ప్లగ్గు తోక ముందుకు పెట్టుకుని బాణంలా పోతుంది. ఈ పరీక్ష మానేసి రంగు వేసినవాళ్ళు ఆ అందమైన ప్లగ్గును గోడకు తగిలించుకోవాల్సిందే. రంగు పూశాక లోపలి బరువు మార్చలేం.

సీసం మీరు కరిగించవద్దు. దాని పొగ, పొడి పిల్లలకు నిజంగా హాని చేస్తాయి. దుకాణంలో దొరికే గాలం గుండును పెద్దవాళ్ళు సుత్తితో సరిపడా సైజుకు చేసి ఇస్తారు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగండి. దాన్ని ఎపాక్సీతో అంటించి, పైన మిగిలిన మూడు మిల్లీమీటర్లూ వుడ్ ఫిల్లర్‌తో పూడ్చడం చెక్కకు నూనె పట్టించి ఆరాకే.

నూనె పూత ఎందుకంటే, రంగుకు ఎక్కడో గాటు పడక తప్పదు. అప్పుడు నీళ్ళు లోపలికి పోతే చెక్క ఉబ్బి పైపూతను పగలగొడుతుంది. బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె), టర్పెంటైన్ చెరిసగం కలిపి, ప్లగ్గును పదిహేను నిమిషాలు పూర్తిగా ముంచండి. తీగ రంధ్రంలోకి కూడా నూనె పోవాలి. తీసి, తుడిచి, వారం రోజులు గాలికి వేలాడదీయండి. తొందరపడి మూడో రోజే ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) వేస్తే లోపలి నూనె బయటికొచ్చి బుడగలు లేస్తాయి. ఒక హెచ్చరిక: లిన్సీడ్ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విప్పి పరచండి, లేదా నీళ్ళ డబ్బాలో ముంచి ఉంచండి.

రంగు గురించి రెండు మాటలు చాలు. షెల్లాక్ (లక్క) ఆధారిత తెల్ల ప్రైమర్ రెండు పూతలు, పైన వీపు ముదురు, పొట్ట తెలుపు. కెనాల్‌లో మాకెరెల్ చేపలు తిరిగే రోజుల్లో నీలి వీపుమీద నల్ల అలలు గీస్తారు. చివరగా రెండు భాగాల ఎపాక్సీ. డబ్బామీద సమానమని రాసి ఉంటే కొలత గీతలున్న కప్పులో కచ్చితంగా సమానంగా పోయండి, మూడు నిమిషాలు అంచులు గీకుతూ కలపండి. జిగటగా మిగిలిపోయిందంటే కొలతైనా, కలపడమైనా తప్పింది. అక్కడక్కడ గుంటల్లా విడిపోతే వేళ్ళ జిడ్డు అంటుకుంది. పూసిన తర్వాత గట్టిపడేదాకా మెల్లగా తిరిగే మోటారుకు బిగించండి, లేకపోతే పొట్టకింద బొట్లు కారి తూకం మారుతుంది.

తీగ 1.6 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీలు. తోక దగ్గర గుండ్రని కన్ను తిప్పి, చుట్టూ రెండు చుట్లు చుట్టి, రంధ్రం మూతికి ఒక గ్రోమెట్ (అంచు అరగకుండా కాపాడే చిన్న ఉంగరం) పెట్టి లోపలికి దూర్చండి. పొట్ట రంధ్రంలో వేలాడదీసిన స్వివెల్ పై కన్నులోంచి తీగ పోవాలి. ఇది మరచిపోతే ముక్కు కన్ను చుట్టాక మళ్ళీ అంతా కోయాల్సిందే. ముక్కు నుంచి బయటికొచ్చిన తీగను పటకారుతో గట్టిగా లాగి పట్టుకుని రెండో కన్ను చుట్టాలి. వదులుగా ఉంటే తీగ ఆడుతూ గ్రోమెట్టును, చెక్కను తినేస్తుంది. ఇంత శ్రమ ఎందుకంటే, మర కన్నులు (స్క్రూలా తిప్పి దించే రింగులు) చెక్కకు బిగిస్తే పెద్ద చేప మెలితిప్పినప్పుడు ఊడొస్తాయి. తీగ పద్ధతిలో చెక్క రెండు ముక్కలైనా కొక్కెం మీ దారానికే ఉంటుంది.

పొట్టకు 2/0 సైజు మూడు ముళ్ళ కొక్కెం, తోకకు ఒంటి కొక్కెం చాలు. రెండూ ఒకదానికొకటి అందకుండా ఉన్నాయేమో చేత్తో తిప్పి చూడండి. ఎదురుముళ్ళను పటకారుతో నొక్కేయండి. చేప వదలడం సులువు, మీ వేలికి గుచ్చుకున్నా సులువుగా వస్తుంది.

ఒడ్డున సరిచేయడం మిగిలింది. రాడ్ మొదలు తొడల మధ్య ఆనించి, కొసను ఆగకుండా ఊపుతూ మెల్లగా రీలు తిప్పండి. ముక్కు అటొకసారి ఇటొకసారి నీటిని కొట్టాలి. నీటిమీద గెంతుతూ పల్టీ కొడితే ముందు రీలు వేగం తగ్గించండి, అప్పటికీ మానకపోతే తోక కొక్కెం కాడకు సన్నని సీసం తీగ నాలుగు చుట్లు చుట్టండి. ఊపినా బద్ధకంగా ఉంటే మొత్తం బరువు ఎక్కువైంది, పొట్ట కొక్కెం ఒక సైజు చిన్నదైన 1/0కు మార్చండి. ఎప్పుడూ ఒకే పక్కకు పోతోందంటే ముక్కు కన్ను నడిమికి లేదు. మీ వైపు వచ్చేటప్పుడు అది మీ ఎడమకు లాగితే, కన్నును మీ కుడికి వెంట్రుకవాసి వంచండి. ఒకేసారి ఒక్క మార్పే చేయండి, రెండు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఇదే చదువు తర్వాత మూతి రేకున్న ప్లగ్గుకు పనికొస్తుంది. దాని కన్నును పైకి, అంటే రేకుకు దూరంగా వంచితే ప్లగ్గు లోతుకు దిగుతుంది. కిందికి, రేకు దగ్గరికి వంచితే పైపైన ఈదుతుంది. రేకు గాడి కూడా చెక్క చదరంగా ఉన్నప్పుడే కోయాలి.

విసిరేముందు వెనక్కి చూడండి, ప్రతిసారీ. 60 గ్రాముల ప్లగ్గు కొక్కేలతో సహా మనిషికి తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. స్ట్రైపర్ల సంఖ్య తగ్గినందువల్ల 2023 నుంచి అట్లాంటిక్ తీరంలో 28 నుంచి 31 అంగుళాల మధ్య ఉన్న చేపను, అదీ రోజుకు ఒక్కటే ఉంచుకోవాలని నియమం పెట్టారు. నియమాలు మారుతుంటాయి, వెళ్ళేముందు ఆ రాష్ట్రపు తాజా నియమం చూసుకోండి. పెద్ద చేపను నీళ్ళలోనే ఉంచి కొక్కెం తీసి వదిలేయండి. ఎక్కువ గుడ్లు పెట్టేవి అవే.

ఇంటికొచ్చాక ప్లగ్గును మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టెలో పెట్టండి. పళ్ళ గాట్లు కనిపిస్తే ఆరిన మర్నాడు వాటిమీద చుక్క ఎపాక్సీ వేయండి. పొట్టమీద పూత కింద పెన్సిలుతో చెక్క పేరు, మొత్తం బరువు, సీసం బరువు రాసే అలవాటు చేసుకోండి. బాగా ఈదిన ప్లగ్గును రాయి మింగేసిన రోజున అలాంటిదే ఇంకొకటి చేయడానికి మీకు కావలసినవి ఆ మూడు వివరాలే.

మీ
పెదనాన్న