"పేరు మాత్రం రాయకండి డాక్టరుగారూ": టీబీ నోటిఫికేషన్‌పై అపోహలు, వాస్తవాలు

టీబీ అని చెప్పగానే మందులు ఎన్నాళ్లు వాడాలని అడిగేవాళ్లు తక్కువ. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "గవర్నమెంటుకు మాత్రం పేరు రాయకండి సార్, ఎంతైనా కొనుక్కుంటాం" అనేవాళ్లే ఎక్కువ. చిన్న ఊళ్లో క్లినిక్ నడిపే ఏ డాక్టరుకైనా ఈ మాట కొత్త కాదు. టీబీ కేసు వివరాలు ప్రభుత్వానికి తెలియజేయడాన్నే నోటిఫికేషన్ అంటారు.

అపోహ: పేరెక్కితే వీధంతా తెలిసిపోతుంది, ఇక పెద్దాసుపత్రి లైన్లో నిలబడాల్సిందే.

వాస్తవం: టీబీ కేసులు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో వివరాలు ఎక్కిస్తే ఒక ఐడీ వస్తుంది, అంతే. వైద్యం మా దగ్గరే సాగుతుంది. ఆ వివరాలు గోడకు అంటించరు, లాగిన్ ఉన్న సిబ్బందే చూస్తారు. ప్రైవేటులో చూపించుకున్నా ప్రభుత్వ మందులు ఉచితం. పోషణకు నెలకు 500 ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. అయినా దాచడం కుదిరే పనేనా? టీబీ మందులు షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. కొన్నవాళ్ల పేరు, రాసిన డాక్టరు పేరు మందుల షాపు రిజిస్టరులో రాసి తీరాలి.

నష్టమల్లా మరోచోట. రెండో నెలకల్లా దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, "నయమైందిగా" అని మాత్రలు మానేస్తారు. నిక్షయ్‌లో పేరుంటే ఎవరో ఒకరు ఫోన్ చేసి ఆరా తీస్తారు. లేకపోతే అడిగే నాథుడుండడు. మధ్యలో ఆపితే జబ్బు మొండికేసి, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు కూడా లొంగకుండా పోవచ్చు. అప్పుడు బోరుమని ఏం లాభం?

మొన్నామధ్య మెడ పక్కన గడ్డతో ఒకమ్మాయి వచ్చింది. సూది పరీక్షలో టీబీ అని తేలింది. అప్పటికే నిశ్చితార్థం అయిపోయింది. వియ్యాలవారికి తెలిస్తే ఎలాగని తల్లి ఒకటే ఏడుపు. ఆవిడ భయాన్ని నేను కొట్టిపారెయ్యను, ఇంతకంటే చిన్న కారణాలకే సంబంధాలు తప్పిపోవడం చూస్తూనే ఉన్నాం. ఇంటికి వెళ్లొద్దు, ఇక్కడికే రమ్మని ప్రభుత్వ టీబీ సూపర్‌వైజరుకు చెప్పాను. ఆయన మామూలు చొక్కాలో వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడు. మందుల కంపెనీ రెప్ అనుకుందావిడ!

గడ్డ టీబీ ఒకరి నుంచి ఇంకొకరికి అంటదు. మరి ఈ పిల్లకు ఎక్కణ్నుంచి వచ్చినట్టు? ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరికైనా దగ్గుందా అని ఆయన ఒక్కొక్కటే అడుగుతుంటే, తమ్ముడు నెలరోజులుగా దగ్గుతున్నాడని బయటపడింది. సిగరెట్ దగ్గనుకున్నారట. తెమడను సీబీనాట్ అనే టీబీ జన్యు పరీక్షకు పంపితే పాజిటివ్. పక్కవాటాలో అక్క పిల్లలు, ఇద్దరూ ఐదేళ్లలోపువాళ్లే. వాళ్లకు పరీక్షలు చేసి, జబ్బు లేదని తేల్చుకుని నివారణ మందు మొదలుపెట్టాం.

తోటి డాక్టర్లతో రెండు ముక్కలు. తెమడ పాజిటివ్ అయితేనే నోటిఫికేషన్ పంపాలనేది తప్పు. లక్షణాలు, ఎక్స్‌రే చూసి మందులు మొదలుపెట్టినా పంపాల్సిందే. "ల్యాబువాళ్లు పంపే ఉంటారులే" అనుకోవద్దు, వాళ్ల బాధ్యత వాళ్లది. 2012 నుంచే ఇది తప్పనిసరి. 2018 మార్చి గెజిట్‌లో మందుల షాపులనూ చేర్చి, చెప్పకపోతే ఏ సెక్షన్ల కింద చర్య తీసుకోవచ్చో కూడా రాశారు. పేషెంటు చేజారిపోతాడన్న బెంగ ఎందుకో నాకర్థం కాదు. నోటిఫై చేస్తే 500, చికిత్స ఫలితం చెబితే మరో 500 ఇచ్చేది మనకే.

టీబీ ఒక్కటే కాదు, మిగతా జబ్బుల సంగతీ ఇంతే. డెంగీ రిపోర్ట్ చేస్తే క్లినిక్ సీల్ చేస్తారన్నది ఉత్త వాట్సాప్ పుకారు. కిట్‌లో డెంగీ వైరస్‌ను చూపే ఎన్ఎస్1 గీత కనిపిస్తే ప్రభుత్వ వ్యాధి నిఘా పోర్టల్ ఐహెచ్ఐపీలో, డాక్టర్లు నింపే పీ ఫారంలో పంపండి, ఎలైజా అనే నిర్ధారణ రక్తపరీక్ష సంగతి ఆరోగ్య శాఖవాళ్లు చూసుకుంటారు. పదిహేనేళ్లలోపు పిల్లలకు ఉన్నట్టుండి కాలు చచ్చుబడితే, అది పోలియోనా కాదా అని మీమాంస పెట్టుకోకుండా ఆ రోజే చెప్పండి. కాలు చచ్చుబడిన 14 రోజుల్లోపు రెండు మలం శాంపిళ్లు పోలియో పరీక్షకు వెళ్లాలి.

పనికోసం హైదరాబాదో చెన్నైయో వెళ్తున్నవాళ్లు నిక్షయ్ ఐడీ రాసిన చీటీ వెంట పెట్టుకోండి, కేసు అక్కడికి బదిలీ చేయించుకోవచ్చు. సందేహాలుంటే 1800 11 6666కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.