అపోహలు - వాస్తవాలు: సముద్రంలో ఇనుము, చెరువులో అన్నభేది

పోయిన నెలలో ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకు ఫోన్ వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర రొయ్యలు పెంచే కుర్రాడు. గొంతు వణుకుతోంది. "సార్, నర్సరీ చెరువులో పిల్లంతా పైకి తేలిపోతోందండి. నీళ్ళకు కలర్ రావట్లేదని రాత్రి అన్నభేది బస్తా వేశానండి. సముద్రంలో ఇనుము వేస్తే ప్లాంక్టన్ పెరుగుతుందని వీడియోలో చెప్పారు గదండీ."

ఏరేటర్లన్నీ వేయమన్నాను, మేత ఆపమన్నాను. పొద్దెక్కేసరికి కొంత సర్దుకుంది, కొంత పిల్ల పోయింది. అన్నభేది అంటే ఇనుము ఉన్న ఉప్పు, ఫెర్రస్ సల్ఫేట్. ప్లాంక్టన్ అంటే నీళ్ళలో తేలాడే చిన్న చిన్న జీవులు, చెరువు నీళ్ళకు కలర్ వచ్చేది వాటివల్లే. అతన్ని నేను తప్పు పట్టను. అప్పు తెచ్చి చెరువు చేసేవాడికి కలర్ రాకపోతే ఎంత టెన్షనో నాకు తెలుసు. నా కోపమంతా సగం నిజాన్ని సలహాగా మార్చి వదిలే వీడియోల మీదే.

సముద్రపు సూక్ష్మజీవులకు లోహాలు ఎలా అందుతాయన్నది నేను పనిచేసే రంగం. చెరువుల వాళ్ళు, కాలేజీ పిల్లలు, కార్బన్ క్రెడిట్లలో డబ్బు పెట్టాలనుకునేవాళ్ళు, అందరూ నా దగ్గరికి ఒకే అపోహతో వస్తారు.

అపోహ: సముద్రానికి ఇనుము కొరత. వేస్తే ఎక్కడైనా ప్లాంక్టన్ పెరుగుతుంది, అది పీల్చుకోవడంతో గాలిలో కార్బన్ (కార్బన్ డయాక్సైడ్) తగ్గిపోతుంది.

వాస్తవం: ఆ కొరత కొన్ని సముద్రాల్లోనే ఉంది. అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రం, భూమధ్యరేఖ దగ్గరి పసిఫిక్, పసిఫిక్ ఉత్తరపు కొస వాటిలో ముఖ్యమైనవి. అక్కడి నీళ్ళలో ప్లాంక్టన్‌కు ఎరువుల్లాంటి నైట్రేట్, ఫాస్ఫేట్ పుష్కలంగా ఉన్నా ప్లాంక్టన్ పలుచగానే ఉంటుంది. కారణం ఇనుము కొరతేనని గట్టిగా వాదించినవాడు అమెరికా సముద్ర శాస్త్రవేత్త జాన్ మార్టిన్. "సగం ట్యాంకర్ ఇనుము ఇవ్వండి, మంచుయుగం తెచ్చిస్తా" అని 1988లో ఆయన సరదాగా అన్న మాటే నేటికీ వీడియోల్లో తిరుగుతోంది. ఆయన 1993లో పోయారు. ఆ ఏడాదే, ఆయన పోయిన కొన్ని నెలలకు, గాలపాగోస్ దీవుల దగ్గర సముద్రంలో మొదటి ప్రయోగం జరిగింది. ఇనుము వేసినచోట ప్లాంక్టన్ నిజంగానే పెరిగింది.

ఆ నీళ్ళలో ఇనుము ఎంత తక్కువో చెబితే మా విద్యార్థులు కూడా మొదట నమ్మరు. గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. దక్షిణ మహాసముద్రంలో బాగా కొరత ఉన్నచోట, కరిగిన ఇనుము అంత పోగవ్వాలంటే పైపొర నీళ్ళు సుమారు కోటి లీటర్లు కావాలి.

భూమి పైపొర బరువులో దాదాపు 5 శాతం ఇనుమే. మరి సముద్రంలో ఇంత కరువెందుకు? ఆక్సిజన్ తగిలితే ఇనుము తుప్పవుతుంది, తుప్పు కరగదు, అడుగుకు దిగిపోతుంది. సుమారు 240 కోట్ల ఏళ్ళ కిందటి వరకు గాలిలో ఆక్సిజన్ లేదనే చెప్పాలి. అప్పటి సముద్రాల్లో ఇనుము కరిగే ఉండేది. సూక్ష్మజీవుల లోపలి యంత్రాంగం ఇనుము చుట్టూ అల్లుకున్నది ఆ రోజుల్లోనే. తర్వాత ఆక్సిజన్ పెరిగింది, ఇనుము కిందికి పోయింది, అలవాటు మాత్రం ఉండిపోయింది. కిరండూల్ నుంచి అరకు మీదుగా వైజాగ్ పోర్టుకు వచ్చే ఎర్రటి వ్యాగన్లను చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఆ బైలాడిలా ఖనిజం అలాంటి పాత సముద్రాల అడుగున పేరుకున్న ఇనుమే.

ఇక్కడి కిటుకు మన రైతులకు ముందే తెలుసు. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఎంతున్నా వేరుశనగ ఆకు పాలిపోతుంది. అప్పుడు ఉత్త అన్నభేది కొట్టరు, అందులో నిమ్మ ఉప్పు కలుపుతారు. నిమ్మ ఉప్పు ఇనుమును పట్టుకుని తుప్పు కాకుండా ఆపుతుంది, ఆకు తీసుకోగలుగుతుంది. సముద్రంలో బ్యాక్టీరియా చేసేదీ ఇదే. సిడెరోఫోర్లనే అణువులను నీళ్ళలోకి వదిలి, దొరికిన ఇనుమును వాటితో పట్టించి లోపలికి లాక్కుంటాయి. సముద్రంలో కరిగి ఉన్న ఇనుములో 99 శాతానికి పైగా ఏదో ఒక సేంద్రియ పదార్థం పట్టులోనే ఉంటుంది. అందుకే మొత్తం ఇనుము ఎంతుందో చూస్తే చాలదు, తినడానికి వీలైన రూపంలో ఎంతుందో చూడాలి.

ఇప్పుడు ఆ కుర్రాడి చెరువు సంగతి. పావెకరం, అడుగులు మూడు, అంటే సుమారు 10 లక్షల లీటర్లు. బస్తా 50 కిలోలు, అందులో ఇనుము పదికిలోల లోపు. లెక్కకడితే లీటరుకు దాదాపు 10 మిల్లీగ్రాములు. నేను చెప్పిన దక్షిణ మహాసముద్రపు నీటితో పోలిస్తే లక్షల రెట్లు ఎక్కువ. ఆ ఇనుము తుప్పు పడుతూ లీటరుకు సుమారు ఒకటిన్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ మింగింది, అదీ రాత్రిపూట, చెరువులో డీవో (కరిగిన ఆక్సిజన్) ఎలాగూ పడిపోయే వేళ. తుప్పు తునకలు పిల్ల మొప్పలకు అంటుకున్నాయి. పైగా ఆ తుప్పు నీళ్ళలోని ఫాస్ఫేట్‌ను పట్టుకుని అడుగుకు దింపేస్తుంది. కలర్ రావాలని వేసిన బస్తా, కలర్‌కు కావలసిన మేతనే తీసేసింది. గోదావరి ఒండ్రులో ఇనుముకు కొదవెక్కడిది? మన చెరువుల్లో ప్లాంక్టన్‌కు అడ్డుపడేది అది కాదు. చాలాచోట్ల బోరు నీళ్ళలో అది ఎక్కువై బాధపడుతున్నాం.

మన తీరం సంగతీ అంతే. గోదావరి, కృష్ణ, గంగ లాంటి నదులు, గాలిలో వచ్చే దుమ్ము బంగాళాఖాతానికి ఇనుము తెచ్చిపోస్తూనే ఉంటాయి. నదుల మంచినీరు పైన తేలికగా పరుచుకుని, అడుగునున్న నైట్రేట్‌ను పైకి రానివ్వదు. అసలు ఇబ్బంది అది. అరేబియా సముద్రం పడమటి వైపు, నైరుతి రుతుపవనాల చివర్లో మాత్రం ఇనుము కొరత ఛాయలు కనిపించాయి. పక్కపక్క సముద్రాలకే ఒకే మందు పనిచేయదు.

కార్బన్ సంగతికొస్తే, మా బాబాయి ఒకరు రిటైరయ్యాక వచ్చిన డబ్బు సముద్రంలో ఇనుము చల్లే పథకంలో పెట్టనా అని అడిగారు. ఆయన ముందు కూర్చుని లోహాఫెక్స్ అనే ప్రయోగం గురించి గంటసేపు చెప్పాను. 2009 మొదట్లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (ఎన్ఐఓ), జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఇన్‌స్టిట్యూట్ కలిసి పోలార్‌స్టెర్న్ ఓడలో దక్షిణ అట్లాంటిక్ వెళ్ళాయి. అక్కడొక సుడి మధ్యలో 300 చదరపు కిలోమీటర్ల మేర రెండు విడతలుగా, విడతకు 2 టన్నుల ఇనుము వేసి 39 రోజులు వెంటాడారు. అప్పట్లో నేను పీహెచ్‌డీ చేస్తున్నాను, ఓడ నుంచి వచ్చే ప్రతి కబురూ మా ల్యాబ్‌లో పండగే. ప్లాంక్టన్ పెరిగింది. కానీ ఆ నీళ్ళలో సిలికా అయిపోయి ఉంది. ఆ సిలికాతో కట్టుకునే గాజు పెంకుల బరువుతో వేగంగా మునిగే నాచు కణాలు, డయాటమ్‌లు పెరగలేదు. పెరిగినవి చిన్న చిన్న కణాలు, వాటిని రొయ్య జాతి చిన్న జీవులైన కోపెపాడ్‌లు మేసేశాయి. లోతుకు చేరిన కార్బన్ బహు తక్కువ. అదే 2004లో ఈఫెక్స్ ప్రయోగంలో సిలికా ఉంది, డయాటమ్‌లు పెరిగాయి, పెరిగినదాంట్లో కనీసం సగం 1000 మీటర్ల కిందికి మునిగింది.

పెరిగిన ప్లాంక్టన్‌ను జీవులు పైన తిని పైనే ఊపిరి వదిలేస్తే కార్బన్ మళ్ళీ గాలిలోకే వస్తుంది. ఇక్కడ వాడేసిన నైట్రేట్, ఫాస్ఫేట్ ఆ ప్రవాహం ముందుకు చేరేచోట తగ్గుతాయి, అక్కడి చేపకు ఆ మేరకు కోత. పరిశోధనకు తప్ప ఇలా ఇనుము వేయకూడదని, సముద్రంలో వ్యర్థాలు పారేయడాన్ని అదుపు చేసే లండన్ ఒప్పంద దేశాలు 2008లోనే తీర్మానించాయి. "వద్దు బాబాయ్, ఆ డబ్బు పోస్టాఫీసులో వేసుకో" అన్నాను. వేసుకున్నారు.

అపోహ: ఇనుము ఒక్కటి చూస్తే చాలు.
చాలదు. కోబాల్ట్ లోహం లేకపోతే బీ12 విటమిన్ లేదు, బీ12ను తయారుచేసేవి బ్యాక్టీరియా, వాటిలాంటి ఏకకణ జీవులైన ఆర్కియా మాత్రమే, శైవలాల్లో (నాచుల్లో) సుమారు సగం జాతులు దానికోసం వాటి మీద ఆధారపడ్డాయి. రాగి కొంచెం ఎక్కువైతే సయనోబ్యాక్టీరియా చస్తాయి. ఇనుము దొరకనిచోట కొన్ని డయాటమ్‌లు ఇనుమున్న ప్రోటీన్ బదులు రాగి ఉన్నదాన్ని వాడి నెట్టుకొస్తాయి.

అపోహ: రాత్రి అల మెరిస్తే ఫ్యాక్టరీ లోహాలు కలిసినట్టే.
2019 ఆగస్టులో చెన్నై తీరం నీలంగా మెరిసినప్పుడు మన మత్స్యకారులు కూడా భయపడి ఫోన్లు చేశారు. అది నాక్టిల్యూకా అనే జీవి తనంతట ఇచ్చే వెలుగు. భయం సహజమే, పుకారు పంపే ముందు ఒక్కసారి అడగండి.

అపోహ: బకెట్‌తో నీళ్ళు తోడి ల్యాబ్‌కిస్తే ఇనుము ఎంతుందో తేలిపోతుంది.
నా మొదటి ఓడ ప్రయాణంలో పన్నెండు రోజుల శాంపిల్స్ పారేశాం. పరికరాలను నీళ్ళలోకి దించే వించి తాడు నుంచి రాలిన తుప్పు రేణువులు చాలు, సముద్రంలో ఉన్న ఇనుముకు వందల రెట్లు చూపించడానికి. 1980ల దాకా ప్రపంచంలో వచ్చిన లెక్కల్లో చాలావరకు ఓడ తుప్పును కొలిచినవే. యాసిడ్‌తో రోజుల తరబడి కడిగిన సీసాలు, లోహం తగలని తాడు, శుభ్రమైన గది లేకుండా వచ్చిన అంకెను ఎవరైనా చూపిస్తే పక్కన పెట్టండి.

ఉండి కుర్రాడు మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు. మిగిలిన పిల్ల బాగానే ఉందట, నీళ్ళు కూడా కుదుటపడ్డాయట. రెండో బస్తా కొట్లో అలాగే ఉంది, ఏం చేయమంటారండీ అన్నాడు. వాళ్ళ అన్నయ్యకు వరి ఉంది. నారుమడి ఎప్పుడైనా పాలిపోతే వ్యవసాయాధికారికి చూపించి, ఆయన చెప్పిన మోతాదులో నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేసుకోమని చెప్పాను.