గీత పడకపోతే డెంగీ లేనట్టేనా?

వానలు పడి నాలుగు చోట్ల నీళ్లు నిలిస్తే చాలు, అనంతపురం సాయినగర్‌లో ల్యాబుల ముందర బెంచీలు నిండిపోతాయి. పోయినేడు మా చిన్నమ్మ కొడుకుని డెంగీ టెస్టుకి నేనే పిల్చుకొనిపోయినా, జ్వరం మొదలైన రెండోరోజు. వేలెడంత ప్లాస్టిక్ కార్డు, చిన్న గుంతలో చుక్క రక్తం, దాని మీద రెండుమూడు చుక్కల మందు, పావుగంటకి కార్డు పనిచేసిందని చెప్పే 'సి' దగ్గర ఎర్రగీత పడింది, 'ఎం' దగ్గర 'జి' దగ్గర ఏమీ లేదు. "డెంగీ లేదన్నా, పోండి" అన్న్యాడు ల్యాబ్ పిల్లోడు. ఆరోరోజుకి ప్లేట్‌లెట్లు పడిపోయినాయి, మళ్లీ చేపిస్తే 'ఎం' గీత బాగా తెలిసేట్టు వచ్చింది.

కార్డును తిట్టి లాభం లేదు, రెండోరోజుకి వాని ఒంట్లో వైరస్‌తో పోరాడే యాంటీబాడీలే తయారయ్యుండవు. 'ఎం' గీత పడేట్టు చేసే ఐజీఎం యాంటీబాడీ కనపడాలంటే నాలుగైదు రోజులన్నా పడుతుంది, అంతకుముందు దొరికేది వైరస్ వదిలే ఎన్ఎస్ వన్ ప్రొటీన్, దానికి టెస్టు వేరే. ఇంకో చిక్కు ఏందంటే డెంగీ వైరస్ 4 రకాలు, ఒక రకం వచ్చిపోయినోళ్లకి ఇంకో రకం తగిలితే 'జి' గీతకి కారణమైన ఐజీజీ యాంటీబాడీ సర్రున పెరుగుతుంది గానీ ఐజీఎం తక్కువుంటుంది, కొందర్లో టెస్టుకి అందనే అందదు. రెండోసారి వచ్చినోళ్లకే ప్రమాదం ఎక్కువ, చూడండి మరి.

పెద్దాసుపత్రుల్లో మిషన్ మీద చేసే ఎలైజా అనే రక్తపరీక్ష కొంచెం నయం. 96 గుంతల ప్లేటు, గంటల తరబడి పని, రంగు ఎంత ముదిరిందో మిషనే నంబర్‌లో చెప్తుంది. కార్డు అయితే ఫోన్ టార్చ్ వేసి "గీత ఉన్నట్టుందా లేనట్టుందా" అని ఇద్దరు ముగ్గురు కొట్లాడుకోవాల్సిందే, టైం దాటినాక పడే మసక గీత లెక్కలోకే రాదు. అందుకే సర్కారు ఎలైజా పాజిటివ్‌నే డెంగీ కింద రాసుకుంటుంది. అట్లని ఎలైజా కూడా తప్పు చెప్పదని కాదు, జికా, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్‌లు డెంగీకి దాయాదులు, వాటి యాంటీబాడీలకి కూడా ఒక్కోసారి పాజిటివ్ చూపిస్తుంది.

ఇంక టెస్టు కిట్టు డబ్బా మీద రాసుండే శాతాల సంగతి. మాటకి ఒక కిట్టు డెంగీ ఉన్నోళ్లలో 90 శాతం మందిని పట్టుకుంటుంది, లేనోళ్లలో 95 శాతం మందికి లేదనే చెప్తుంది అనుకుందాం. సీజన్‌లో 1000 మంది జ్వరాలోళ్లలో 400 మందికి డెంగీ ఉంటే 360 నిజం పాజిటివ్‌లు, 30 ఉత్తుత్తివి, ఫర్వాలేదు. అదే కిట్టు నడి ఎండాకాలం 1000 మందికి చేస్తే, అందులో డెంగీ 20 మందికే ఉంటే, నిజంవి 18, ఉత్తుత్తివి 49! కిట్టు మారలేదు, జనం మారినారు అంతే.

రెండు కిట్లలో ఏది మంచిదో తేల్చాలన్నా ఇదే గొడవ. ఒకరు ఆరోరోజు దాటి అడ్మిట్ అయినోళ్ల రక్తంతో, ఇంకొకరు రెండోరోజు రక్తంతో పరీక్షించింటే మొదటిది ఊరికే గెలుస్తుంది. రెండిటికీ అవే రక్తాలు పెట్టి చూస్తే గానీ తేలదు.

మొన్న మావాని పాత రిపోర్ట్ తీసి చూసినా. ఏ కిట్టో లేదు, జ్వరం ఎన్నోరోజో లేదు. బిల్లులో రేటు మాత్రం పైసలతో సహా ఉంది.