మాడిన ఇటుక: అపోహలు, వాస్తవాలు

ఓరుగల్లు, పెద్దపల్లి దారుల్లో మూతపడిన పాత బట్టీల దగ్గర, యజమానిని అడిగి, మాడిన ఇటుకలు ఏరి తెచ్చుకుంటాను. చూడవచ్చినవారు ముందుగా అనే మాట ఒకటే.

అపోహ: మాడింది కనుక చెడిపోయినట్టే.
మామూలు ఎర్ర ఇటుక సుమారు 900–1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుతుంది. మంటకు ఆనుకున్న వరుసకు అంతకు మించిన వేడి తగిలితే మట్టిలో కొంత కరిగి, చల్లారాక గాజులా బిగుస్తుంది. సందులు పూడిపోయి నీరు తక్కువ పీలుస్తుంది, తట్టితే ఖంగుమంటుంది. వంకర పోతుంది కనుక తిన్నని గోడకు కుదరదు, అంతే. అయితే ఉబ్బి, లోపల బుడగలు పడినదాన్ని బరువు మోసేచోట పెట్టకండి. అమెరికాలోని పాసడీనాలో 1908లో కట్టిన గాంబుల్ హౌస్ ఆవరణ గోడల్లో ఇలాంటి వంకర ఇటుకలనే అందం కోసం కోరి పేర్చారు.

అపోహ: నల్లగా ఉంటే మాడినదే.
కాదు. పొగ పట్టినా నల్లబడుతుంది. విరిచినప్పుడు నడుమ మాత్రమే నల్లగా ఉంటే, గాలి అందక లోపలి కర్బనం కాలలేదని అర్థం.

అపోహ: రామప్ప ఇటుక కూడా ఇలాంటిదే.
నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. పాలంపేటలోని ఆ గుడి శాసనం 1213 నాటిది. శిఖరం బరువు తగ్గించడానికి వాడిన ఆ ఇటుకల నిండా సన్నని రంధ్రాలు, అందుకే తేలుతాయి. నా దగ్గరున్న మాడిన ఇటుకలన్నీ మునుగుతాయి. ఒకాయన 'రామప్ప ఇటుక' అమ్మజూపితే బకెట్ నీటిలో వేశాను, మునిగింది. తేలినా కొనేవాణ్ని కాను. రక్షిత కట్టడం నుంచి ముక్క తీసినా నేరమే. ధూళికట్ట, పెద్దబంకూరు వంటి శాతవాహన స్థలాల్లో కనిపించే ఇటుక కూడా అక్కడే ఉండాలి.

అపోహ: ఆమ్లంతో కడిగితే మెరుస్తుంది.
దయచేసి ఆ పని చేయకండి. మరకలు పడతాయి. మెత్తని బ్రష్షు, మంచినీళ్లు చాలు. కట్టెల బూడిద పడి కరిగినచోట ఆకుపచ్చ ఛాయ గాజుపొర ఉంటుంది. ఒకప్పుడు బట్టీ పేర్చిన పెద్దాయన నా ఇటుకను అటూ ఇటూ తిప్పి, ఆ పొర మీద వేలు పెట్టి, "మంట ఇటునుంచి కొట్టింది బిడ్డా" అన్నారు. అప్పటినుంచి ఏ బట్టీలో, ఏ వరుసలో దొరికిందో ప్రతి ఇటుకకూ చీటీ రాసి కడుతున్నాను.